పెన్సిలు పిల్లవాని చేతనే యుండవలెను

ఒకటవ, రెండవ తరగతుల పిల్లలకు ఇంటిపని యీయరాదని 2018వ సంవత్సరమున మద్రాసు హైకోర్టు ఆదేశించినది. ఆ యేడే కేంద్రప్రభుత్వమును రాష్ట్రములకు ఆ మాటయే వ్రాసినది. 2020 నాటి స్కూలుబ్యాగు విధానము మూడు మొదలు ఐదు తరగతుల వారికి వారమునకు రెండు గంటల పని చాలునన్నది. వీనికెల్ల పూర్వము, 1993లోనే, ఆచార్య యశపాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, ఇంటి పరిసరములను పరిశీలించి తెలిసికొను పని తప్ప ప్రాథమిక తరగతులకు వేరు హోంవర్కు వలదని సూచించినది. ఇన్ని మాటలు కాగితముపై నుండగా, మన యిండ్లలో పసివాండ్రు రాత్రి తొమ్మిదింటికిని నిద్రమత్తున తూగుచు చూచివ్రాత వ్రాయుచునే యున్నారు; ప్రక్కన కూర్చున్న తల్లి, ఎట్లయినను పుస్తకము నిండిన చాలునను ఆతురతతో, వాని చేతిలోని పెన్సిలు తాను పుచ్చుకొనుచునే యున్నది.

ఆ పెన్సిలు పుచ్చుకొనుటయే వలదని నా మనవి. ఇంటిపని యను పేర బిడ్డ తెచ్చు నోటుపుస్తకము, వాని మనస్సు ఏ దారిని నడచుచున్నదో తల్లిదండ్రులకు ప్రతిదినమును చూపునట్టిది. ఆ దారిని చూడకయే జవాబు దిద్దించుట వలన చూడదగినదానిని మన చేతులతోనే చెరిపివేసికొందుము. రెండవ తరగతి బాలిక యొకతె 52లో నుండి 27 తీసివేసి 35 అని వ్రాసినదనుకొందము. తండ్రి దానిని చూచి "తప్పు, 25 రావాలి" అని రబ్బరుతో తుడిపించి వ్రాయించినచో ఆ లెక్క ఒప్పగును గాని, ఆమె తలపులోని పొరపాటు చెక్కుచెదరక రేపటి లెక్కలో మరల తలయెత్తును. అట్లుగాక, "ఎలా చేశావో చెప్పు తల్లీ" అని నెమ్మదిగా అడిగినచో, "రెండులోంచి ఏడు పోదు కదా నాన్నా, అందుకని ఏడులోంచి రెండు తీసేశాను" అని తానే బయటపెట్టును. ఇది అజాగ్రత్త కాదు, మొద్దుతనము అంతకన్న కాదు. పెద్దదానినుండి చిన్నదానిని తీసివేయవలెనని నేర్చిన సూత్రమును ఆ పసిబుద్ధి శ్రద్ధగా పాటించినదే. చీపురుపుల్లలను పదేసి చొప్పున ఐదు కట్టలు కట్టి, విడిగా రెండు పుల్లలు ఉంచి, "నాకు ఇరవై ఏడు ఇవ్వు" అని తండ్రి చేయి చాచినచో, ఒక కట్ట విప్పక తప్పదని ఆమె వ్రేళ్లే కనుగొనును. బడిలో టీచరు చెప్పిన "పక్కనుంచి పది అప్పు తెచ్చుకోవడం" ఏమిటో ఆ క్షణమున ఆమెకు తెలియవచ్చును.

"మాకు చదువు రాదు, ఇంగ్లీషు అసలే రాదు, ట్యూషను పెట్టించక ఏం చేస్తాం?" అని వగచు తల్లులు అసంఖ్యాకులు. వారి దిగులు నిజమైనది, కాని వారు తమ శక్తిని తక్కువగా తలంచుచున్నారు. అక్షరము తెలియని తల్లి సైతము, కూర తరుగుచునే, "ఇవాళ పాఠంలో ఏముందో నాకు తెలుగులో చెప్పరా" అని అడుగగలదు. అర్థమైనదానిని పిల్లవాడు ఇంటిభాషలో కథవలె చెప్పును. అర్థముకాక కంఠస్థము చేసినదైనచో రెండవ వాక్యముననే తడబడును. శిక్షణ పొందిన పరీక్షకుడు కనిపెట్టదగినది ఆ తల్లి వినియే కనిపెట్టినది! విద్యాహక్కు చట్టము, 2009, సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన జరుగవలెననియు, బిడ్డకు భయమునుండి విముక్తి కలిగింపవలెననియు చెప్పుచున్నది. బడిలో జరుగని ఆ మేలు కొంత యింటిలోనైన జరుగవచ్చును.

వేళ, చోటు అనువాని గూర్చి విశేషించి చెప్పవలసినది లేదు. బడినుండి వచ్చినవెంటనే గాక, ఏదైన తిని, కొంత ఆడుకొనిన పిదప, టీవీ కట్టి, సెల్‌ఫోను దూరముంచి, ప్రతిదినము ఒకే వేళకు చాపపై కూర్చుండబెట్టిన చాలును. "పక్కింటి అమ్మాయి ఎప్పుడో చేసేసింది" అను మాట మాత్రము ఆ చాప దరికి రానీయరాదు. థర్మకోలు ఇండ్లు, రంగుచార్టులు తెల్లవారులు కూర్చుండి తామే చేసి పంపు తల్లిదండ్రులను చూచినప్పుడు నాకు నిజముగా బాధ కలుగును. వంకరగా అంటించిన ఆకులతో పిల్లవాడు స్వయముగా చేసిన చార్టు ముందు ఆ అంగడి సొగసు ఏపాటిది?

ఇక పని ముగియని రాత్రుల మాట. నియమించుకొనిన అరగంట గడచి, కన్నులు మూతలు పడుచున్నను లెక్కలు మిగిలినచో, పుస్తకము మూసి బిడ్డను నిద్రపుచ్చుడు. చిన్న తరగతులలో ఇంటిపనికిని ఫలితములకును గల సంబంధము స్వల్పమని, పెక్కు పరిశోధనలను క్రోడీకరించి 2006లో అమెరికా పండితుడు హారిస్ కూపర్ తేల్చెను గనుక, ఒకనాటి లోపమునకు బెదరనక్కరలేదు. డైరీలో ఉత్త సంతకము చేసి ఊరకుండక, "మూడు లెక్కలు తానే చేసింది, అరగంట పట్టింది, నాలుగోదానిలో అప్పు తెచ్చుకోవడం దగ్గర ఆగిపోయింది" అని వ్రాసి పంపుడు. మరునాటి పాఠము ఎచ్చట మొదలిడవలెనో ఆ టీచరునకు దానివలన తెలియును.