నాణేలు మింగిన ఫిరంగి

1854లో బిజాపూరు కోట బురుజు మీదున్న ఒక పాత తోపును ఆంగ్లేయ అధికారులు వేలం వేశారు. పాట 150 రూపాయల దగ్గర ఆగిపోయింది. 55 టన్నులు తూగుతుందని చెప్పే కంచుకు ఆ ధర మరీ అన్యాయం అనిపించిందో, జనం దాన్ని భక్తిగా చూస్తున్నారని జంకారో, చివరికి ఆ పాటను రద్దు చేశారు. దాంతో మాలిక్-ఎ-మైదాన్ అనే ఆ తోపు కొలిమికి పోకుండా మిగిలింది.

దాని ఒంటి మీది శాసనం ప్రకారం 1549లో మహమ్మద్ బిన్ హసన్ రూమీ అనే అతను అహ్మద్‌నగర్‌లో దాన్ని పోత పోశాడు. పొడవు 14 అడుగుల పైచిలుకు. గొట్టం లోపలి వ్యాసం 28 అంగుళాలు, అంటే మనిషి ముడుచుకుని లోపల కూర్చోవచ్చు. తోపు నోటిని తెరుచుకున్న సింహం నోరులా మలిచారు, కోరల మధ్య ఒక ఏనుగు నలిగిపోతుంటుంది. శిల్పం కన్నా ఆసక్తికరమైంది లోహం. మామూలుగా తోపుల కంచులో తగరం నూటికి పది పాళ్ళకు అటూఇటూ ఉంటుంది. ఇందులో దాదాపు 20. అది గంటలు పోసుకునే పాళ్ళు. అందుకే తడితే ఖంగుమంటుంది. తగరం పెరిగినకొద్దీ కంచు గట్టిపడుతుంది గానీ పెళుసెక్కుతుంది, పేలుడు దెబ్బకు పగిలే ప్రమాదం ఎక్కువవుతుంది. గొట్టం గోడను అడుగుకు మించిన మందంతో పోయడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఈ తోపు గురించి దక్కనులో తరతరాలుగా చెప్పుకునే మాట ఒకటుంది: రాక్షసి తంగడి యుద్ధంలో ఇది గుండ్లకు బదులు రాగి డబ్బుల సంచులు పేల్చిందని.

డబ్బులు పేల్చిన సంగతి కట్టుకథ కాదు, కనీసం ఫెరిష్తా రాసినదాన్ని బట్టి. యుద్ధం జరిగిన నాలుగు దశాబ్దాలకు బిజాపూరు ఆస్థానంలో కూర్చుని ఆ చరిత్ర రాశాడాయన. 1565 జనవరిలో విజయనగర సేన, దక్కను సుల్తానుల సేనలు కృష్ణ ఒడ్డున తలపడ్డాయి. సుల్తానుల ఎడమ పక్షాన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా ఉన్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడిన దొర, ఒకప్పుడు ఏళ్ళ తరబడి విజయనగర పాలకుడు అళియ రామరాయల నీడలోనే తలదాచుకున్నవాడు. మధ్య భాగం అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాం షాది. అతని ముందు చెలెబీ రూమీ ఖాన్ ఆరు వందల తోపులను మూడు వరసల్లో పేర్చాడు: ముందు పెద్దవి, వెనక చిన్నవి, ఆ వెనక ఇంకా చిన్నవి. విలుకాళ్ళను అడ్డం నిలబెట్టి తోపులు కనబడకుండా చేశాడు.

ఫెరిష్తా చెప్పే రెండు దృశ్యాలు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. ముదుసలి రామరాయలు పల్లకి దిగి సింహాసనం వేయించుకుని, చుట్టూ ధనం, రత్నాలు కుప్పలు పోయించాడు. పరాక్రమం చూపిన సైనికులకు అక్కడికక్కడే పంచడానికి. అవతల రూమీ ఖాన్ రాగి డబ్బుల సంచులు తెప్పించి తోపుల్లో దట్టించాడు. మీదికొచ్చిన సేనలో ఐదు వేల మందికి పైగా తోపుల నోళ్ళ ముందే కూలారని ఫెరిష్తా లెక్క. ఆ అంకెను కాస్త తగ్గించి చదువుకున్నా నష్టం లేదు. సంచులు పోయినందుకు ఖజానా గుమాస్తా ఏమన్నాడో మాత్రం రాయలేదు.

నాణేలే ఎందుకు? గుండు ఒక్క గీతలో పోతుంది, దారిలో ఉన్నవాళ్ళకే తగులుతుంది. సంచి అయితే మందు దెబ్బకు చినిగిపోతుంది, లోపలి బిళ్ళలు వెడల్పుగా విప్పారతాయి. అయితే బిళ్ళ గుండ్రటి గుండులా గాలిని చీల్చుకు పోలేదు. పల్టీలు కొడుతుంది, వేగం గబగబా తగ్గిపోతుంది. దూరానికి పనికిరాదు. విలుకాళ్ళ తెర అందుకే: శత్రువు దగ్గరికి వచ్చేదాకా ఆగడం ఆ ఎత్తుగడకు ప్రాణం.

ఆ సంచులను పేల్చింది మాలిక్-ఎ-మైదానేనా? నమ్మడం కష్టం. 1632లో పరండా కోట నుంచి దాన్ని బిజాపూరు తేవడానికి పది ఏనుగులు, 400 ఎద్దులు కావలసి వచ్చాయంటారు. దానికి సరిపడే రాతిగుండే 400 కిలోలు దాటుతుంది. కోటగోడకు అది తగును గానీ, కదిలే యుద్ధానికి తగదు. డబ్బుల సంచులు దానికన్నా చిన్న తోపుల్లోంచి వచ్చి ఉంటాయి.

రాగి పనికొస్తే వెండి, బంగారం ఎందుకు కాలేదన్న ప్రశ్న మిగులుతుంది. ఐరోపా కథల్లో వెండి తూటాకు గొప్ప పేరు. ఫ్రాన్స్‌లో మనుషుల్ని పొట్టనబెట్టుకున్న జెవోదాన్ మృగాన్ని 1767లో జాన్ షాస్తెల్ కాల్చి చంపింది నిజం, వెండి గుండుతో అన్నది తర్వాతి రచయితలు అతికించిన ముక్క. లోహంగా చూస్తే, మామూలు తూటాల సీసం ముందు వెండికి అన్నీ ప్రతికూలాలే. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, వెండికి 962 కావాలి. ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములు, వెండి 10.5 మాత్రమే. పైగా సీసం మెత్తన కాబట్టి తుపాకి గొట్టం లోపలి గాడులకు ఒదిగిపోతుంది, వెండి అంత సులువుగా ఒదగదు. బంగారానికి 19.3 గ్రాముల బరువుంది, మెత్తదనమూ ఉంది. లేనిదల్లా పేల్చి పారేయగలిగే ధర.

చౌకా బరువూ మెత్తదనమూ కలిసి ఉన్న సీసమే నిలిచింది. తుపాకుల వేగం పెరిగాక దానికీ చిక్కు వచ్చింది: రాపిడికి మెత్తబడి గొట్టానికి అంటుకుపోయేది. 1882లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ సీసం ముద్దకు పైన పల్చని రాగి తొడుగు వేశాడు. బందరు వెళ్ళినవాళ్ళకు ఈ కిటుకు విడమరిచి చెప్పక్కర్లేదు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ గొలుసులోనూ లోపలొక లోహం, పైనొక లోహం. కాకపోతే అక్కడ రాగి లోపల ఉంటుంది, తూటాలో పైకొచ్చింది.