సింకు పక్కన ప్లగ్గు పాయింటు

మీ బంధువులెవరైనా అమెరికాలో ఉంటే వాళ్ళ వంటింటి ఫోటో ఒకటి అడిగి తెప్పించుకుని శ్రద్ధగా చూడండి. వంటగట్టు వెనక గోడ పొడవునా ప్లగ్గు పాయింట్లు కనిపిస్తాయి. సింకుకు ఇటొకటి, అటొకటి కూడా ఉంటాయి! వాటిలో ఏదో ఒకదాని మధ్యన రెండు చిన్న బొత్తాలు కూడా ఉండవచ్చు.

నీళ్ళున్న చోట కరెంటు జోలికి పోవద్దని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతారు కదా! మరి వాళ్ళు నీళ్ళ పక్కనే ఇన్ని పాయింట్లు ఎందుకు పెట్టుకున్నట్టు? సరదాకు కాదు. అక్కడ జాతీయ విద్యుత్ నియమావళి అని ఒకటి ఉంది. మొదట 1897లో వెలువడింది. మూడేళ్ళకొకసారి దాన్ని సవరిస్తూ ఉంటారు. ఆయా రాష్ట్రాలు ఆమోదించాక అది చట్టంతో సమానం. గోడ వెంబడి ఉన్న వంటగట్టు మీద ఏ చోట వేలు పెట్టినా, అక్కడికి 24 అంగుళాలలోపు ఒక ప్లగ్గు పాయింటు ఉండాలని ఆ నియమావళి చెబుతుంది. అంటే రెండు పాయింట్ల మధ్య ఎడం 4 అడుగులు మించరాదన్నమాట. మధ్యలో సింకో పొయ్యో అడ్డు వస్తే, దానికి అవతలి గట్టును వేరే గట్టుగా భావించి మళ్ళీ కొలవాలి.

ఈ 24 అంగుళాల లెక్క ఎక్కడిది? రొట్టె కాల్చే టోస్టరు, కాఫీ కాచే పాత్ర వంటి చిన్న పరికరాల తీగను అక్కడ కావాలనే పొట్టిగా, సుమారు రెండడుగులు ఉండేలా తయారుచేస్తారు. తీగ పొడవైతే గట్టు అంచు నుంచి కిందికి వేలాడుతుంది. నేల మీద పాకే పిల్లవాడు దాన్ని పట్టుకుని లాగితే మరిగే కాఫీ నెత్తిన పడుతుంది. కాబట్టి తీగ పొట్టిగా ఉండాలి. తీగ పొట్టిదయితే పాయింటు దగ్గరలో ఉండాలి. లేకపోతే ఆ ఇంటివాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు. ఒక పొడిగింపు తీగ తెచ్చి సింకు మీదుగానో, పొయ్యి మీదుగానో లాగుతారు! మనిషి స్వభావం బాగా తెలిసినవాళ్ళు రాసిన నియమమిది.

వంటింటి నడుమ విడిగా ఉండే గట్టుకు ఒకప్పుడు పాయింటును పక్కన, గట్టు అంచుకు దిగువన కూడా పెట్టనిచ్చేవారు. అక్కడా తీగ వేలాడేదే కదా! 2023 నాటి నియమావళి ఆ పద్ధతిని మాన్పించింది.

సరే, పాయింటు దగ్గరకు వచ్చింది. మరి నీళ్ళ సంగతి?

పొడిగా ఉన్న చర్మం కరెంటును బాగానే అడ్డుకుంటుంది. దాని నిరోధం పదివేల ఓములకు పైగా ఉండవచ్చు. చేయి తడిసిందా, చేతి నుంచి కాలి దాకా మొత్తం నిరోధం వెయ్యి ఓముల దగ్గరికి పడిపోతుంది. ఓం సూత్రం ప్రకారం లెక్క కట్టండి. అమెరికాలో ఇళ్ళకు ఇచ్చేది 120 వోల్టులు. 120ని 1000తో భాగిస్తే 0.12 ఆంపియరు, అంటే 120 మిల్లీ ఆంపియర్లు. మన ఇళ్ళలో 230 వోల్టులు. మనకు వచ్చేది 230 మిల్లీ ఆంపియర్లు! గుండె లయ తప్పడానికి ఇందులో సగం కూడా అక్కర్లేదు.

ఇంత జరుగుతుంటే ఫ్యూజు ఎందుకు ఊరుకుంటుంది? దాని దృష్టిలో ఇది చాలా చిన్న కరెంటు. 60 వాట్ల బల్బు కూడా ఇంతకన్నా కొంచెం ఎక్కువే తీసుకుంటుంది. 16 ఆంపియర్ల ఫ్యూజు, 16 ఆంపియర్లు దాటితేనే కదా కరగాలి! ఫ్యూజును పెట్టింది గోడలోని తీగలు వేడెక్కి నిప్పంటుకోకుండా కాపాడడానికి. మనిషిని కాపాడడం దాని పని కాదు.

ఆ పని చేసే పరికరాన్ని 1961లో చార్లెస్ డాల్జియెల్ రూపొందించాడు. ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో ఆచార్యుడు. అంతకు ముందు చాలా ఏళ్ళు ఆయన ఒకే ప్రశ్న వెంట పడ్డాడు. కరెంటు తీగ పట్టుకున్న మనిషి ఎంత కరెంటు దాకా దాన్ని వదలగలడు? కరెంటు పారినప్పుడు ముంజేతి కండరాలు ముడుచుకుని, పిడికిలి దానంతట అదే బిగుసుకుపోతుంది. వదిలేద్దామని మనసు చెప్పినా చేయి వినదు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవాళ్ళ చేతికి రాగి తీగ ఇచ్చి, కరెంటును కొద్దికొద్దిగా పెంచుతూ 134 మంది పురుషుల్నీ, 28 మంది స్త్రీలనూ ఆయన పరీక్షించాడు. పురుషులు సగటున 16 మిల్లీ ఆంపియర్ల దగ్గరా, స్త్రీలు పదిన్నర దగ్గరా తీగ వదలలేకపోయారు. ఆ ఫలితాల నుంచి, 6 మిల్లీ ఆంపియర్ల దగ్గర స్త్రీలలో దాదాపు అందరూ వదిలించుకోగలరని ఆయన లెక్క కట్టాడు. (ఇలాంటి ప్రయోగం ఆ ప్రయోగశాలలో వైద్యుల పర్యవేక్షణ నడుమ జరగవలసిందే. మీరు ఊహించుకోండి చాలు!)

ఇప్పుడు ఆయన పరికరం ఎలా పనిచేస్తుందో చూద్దాం. గొర్రెల కాపరి పొద్దున 40 గొర్రెల్ని తోలుకెళ్ళాడు. సాయంత్రం దొడ్డిలోకి 39 వచ్చాయి. ఒకటి దారి తప్పిందని లెక్కే చెబుతుంది. పరికరం చేసేదీ ఈ లెక్కే. కరెంటును తీసుకెళ్ళే తీగా, తిరిగి తెచ్చే తీగా రెండూ ఒక ఇనుప కడియం గుండా పోతాయి. వెళ్ళిన కరెంటు అంతా తిరిగి వస్తుంటే, రెండు తీగల అయస్కాంత ప్రభావాలు ఎదురెదురై రద్దయిపోతాయి. కడియానికి ఏమీ తెలియదు. అందులో కొంత తడిచేతి గుండా నేలలోకి పోయిందనుకోండి, వచ్చేది తగ్గుతుంది. మిగిలిన అయస్కాంత ప్రభావం కడియానికి చుట్టిన మరో తీగచుట్టలో కొద్దిపాటి వోల్టేజి పుట్టిస్తుంది. దానితో స్విచ్చి తెగిపోతుంది. తేడా 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్లు ఉంటే చాలు. ఇదంతా జరగడానికి సెకనులో సుమారు 40వ వంతు పడుతుంది.

దీన్ని జి.ఎఫ్.సి.ఐ. అని పొడి అక్షరాలతో పిలుస్తారు. ఫోటోలోని రెండు బొత్తాలు దీనివే. దీన్ని స్నానాల గదుల్లో 1975 నుంచీ, వంటింట్లో సింకుకు 6 అడుగులలోపు ఉన్న గట్టు పాయింట్లకు 1987 నుంచీ, 1996లో గట్టు మీది పాయింట్లన్నిటికీ తప్పనిసరి చేశారు.

అయితే దీనికీ ఒక గుడ్డితనం ఉంది. ఒక చేత్తో వెళ్ళే తీగనూ, రెండో చేత్తో వచ్చే తీగనూ పట్టుకుంటే, చెక్కపీట మీద నిలబడిన ఆ మనిషి దాని లెక్కకు ఒక బల్బు లాంటివాడే. వెళ్ళిందంతా తిరిగి వస్తోంది కదా! అందుకని, ఇది ఉన్నా సరే, సింకులో పడిన మిక్సీని ప్లగ్గు తీయకుండా ముట్టుకోకూడదు.

మన ఇళ్ళలో ఇదే పనికి ఆర్.సి.సి.బి. వాడతారు. పాయింటు దగ్గర కాక మెయిన్ బోర్డులో, ఇల్లంతటికీ కలిపి ఒకటి ఉంటుంది. ఇది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది. ఎందుకు 5 పెట్టలేదు? ఫ్రిజ్జు, గీజరు, కంప్యూటరు ఒక్కొక్కటీ రవ్వంత కరెంటును నేలలోకి వదులుతూనే ఉంటాయి. అన్నీ కలిస్తే 5 దాటవచ్చు. అప్పుడు రోజుకు పదిసార్లు ఇల్లు చీకటవుతుంది. 30 దగ్గర షాకు గట్టిగానే తగులుతుంది గాని, గుండెకు ముప్పు రాకముందే కరెంటు తెగిపోతుంది.

మీ ఇంటి బోర్డులో ఇది ఉందో లేదో చూడండి. ఎం.సి.బి.ల వరసలో ‘టి’ అన్న అక్షరంతో చిన్న బొత్తాం ఉన్నది అదే. ఆ బొత్తాం నొక్కితే కొంత కరెంటు కడియం లెక్కలోకి రాకుండా పక్కదారిన పోతుంది. పరికరం బాగుంటే టక్కున తెగిపడాలి. పడలేదంటే అది చెడిపోయినట్టు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. నెలకొకసారి పెద్దవాళ్ళ చేత ఆ బొత్తాం నొక్కించండి. నొక్కేముందు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకు ఒక మాట చెప్పడం మరిచిపోకండి!