పడిపోయిన కాపరి ఇచ్చిన బాప్తిస్మము చెల్లునా? – డొనాటిస్టు వివాదము నేర్పు పాఠములు

ఒక కాపరి ఘోరపాపములో పడి సేవనుండి తొలగింపబడినప్పుడు, ఆయన చేతిలో బాప్తిస్మము పొందినవారు మన యొద్దకు వచ్చి, “అయ్యగారూ, మా బాప్తిస్మము చెల్లుతుందా? మళ్ళీ తీసుకోవాలా?” అని అడుగుదురు. మొదటిసారి ఈ ప్రశ్న ఎదురైనప్పుడు మేము సరియైన జవాబు చెప్పలేకపోయితిమి. ఇట్టి ప్రశ్నయే 1,700 సంవత్సరముల క్రిందట ఉత్తర ఆఫ్రికా సంఘమును రెండుగా చీల్చినది.

వివాదమునకు మూలము

క్రీ.శ. 303లో రోమా చక్రవర్తియైన డయోక్లేషియను ఆలయములను కూల్చివేయుటకును, లేఖన ప్రతులను కాల్చివేయుటకును ఆజ్ఞ జారీచేసెను. కొందరు ప్రాణము విడిచిరి గాని గ్రంథములు ఇవ్వలేదు. కొందరు భయపడి వాటిని అధికారులకు అప్పగించిరి.

హింసలు సద్దుమణిగిన తరువాత సిసీలియను కార్తేజు పట్టణమునకు బిషప్పుగా అభిషేకింపబడెను. అయితే ఆయనపై చేతులుంచినవారిలో ఒకడైన ఫెలిక్సు గ్రంథములను అప్పగించినవాడని ఆరోపణ వచ్చెను. ఆ చేతులు అపవిత్రమైనవి గనుక ఆ అభిషేకము చెల్లదని కొందరు వాదించి, వేరొక బిషప్పును నిలిపిరి. ఆ బిషప్పు తరువాత వచ్చిన డొనాటసు పేరున వీరు డొనాటిస్టులని పిలువబడిరి. తమలో చేరినవారికి వీరు మరల బాప్తిస్మమిచ్చుచుండిరి. విచారణలో ఫెలిక్సు నిర్దోషియని తేలినను చీలిక మానలేదు.

వీరి ఆవేదనను మనము తేలికగా తీసికొనరాదు. లేఖనముల కొరకు హతసాక్షులైన వారి జ్ఞాపకము వారి కన్నుల ఎదుట నున్నది.

సంఘము ఇచ్చిన జవాబు

314లో నేటి ఫ్రాన్సులోని ఆర్లు పట్టణమున కూడిన సభ రెండు సంగతులను కలిపి నిర్ణయించెను. గ్రంథములను అప్పగించినట్టు రుజువైన సేవకుడు తొలగింపబడవలెను. అయితే అతడు యోగ్యులైన వారికి ఇచ్చిన అభిషేకము చెల్లును. అట్లే త్రియేక దేవుని నామమున బాప్తిస్మము పొందినవారికి మరల బాప్తిస్మము ఇయ్యనక్కరలేదు.

తరువాత హిప్పో బిషప్పైన అగస్టీను దీనికి వేదాంతపరమైన పునాది వేసెను. బాప్తిస్మము క్రీస్తుది, సేవకుడు దానిని అందించు పనివాడే గాని యజమానుడు కాడు. యూదా ఇచ్చినను అది క్రీస్తు బాప్తిస్మమే అని ఆయన వాదించెను. సంఘములో గోధుమలు, గురుగులు కోతకాలమువరకు కలిసియుండునని మత్తయి 13వ అధ్యాయమును చూపెను.

అగస్టీను పొరపాటు

మొదట అగస్టీను వాదముతోనే డొనాటిస్టులను ఒప్పింపగోరెను. తరువాత లూకా 14:23ను ఆధారము చేసికొని రాజ్యాధికారపు బలవంతమును సమర్థించెను. 411లో కార్తేజులో ఇరుపక్షముల బిషప్పులు 500 మందికి పైగా కూడి వాదించుకొనిరి. తీర్పు డొనాటిస్టులకు వ్యతిరేకముగా వచ్చెను. 412లో వారిపై జరిమానాలు విధించు శాసనము వెలువడెను. తరువాతి శతాబ్దములలో భిన్నాభిప్రాయము గలవారిని హింసించుటకు అగస్టీను మాటలే సాకుగా వాడబడినవి. సిద్ధాంతములో సరియైనవాడు సయితము పద్ధతిలో తప్పిపోవచ్చునని ఇది మనలను హెచ్చరించుచున్నది.

నేటి మనకు

మొదటిది, ఆరోపణ వచ్చినంతనే తీర్పు తీర్చకూడదు. ఫెలిక్సు సంగతి మరువరాదు.

రెండవది, తప్పు రుజువైనప్పుడు దానిని కప్పిపుచ్చకూడదు. “దేవుడు అతని ద్వారా పనిచేసెను గదా” అను మాట దోషికి డాలు కారాదు. సంస్కారము చెల్లునని చెప్పిన సభయే దోషిని తొలగింపుమనెను. గాయపడిన విశ్వాసులకు న్యాయము జరుగుట కూడ కాపరిత్వమే.

మూడవది, ఇతర సంఘమునుండి వచ్చినవారికి, పాత కాపరి మంచివాడు కాడను కారణముచేత మరల బాప్తిస్మమిచ్చుట, క్రీస్తు నామముకంటె మన చేతులను గొప్ప చేయుటయే. శిశు బాప్తిస్మమును గూర్చిన భేదాభిప్రాయము వేరు; ఇక్కడ మన చర్చ ఇచ్చినవాని యోగ్యతను గూర్చియే.

ఇప్పుడు ఆ విశ్వాసులు వచ్చి అడిగినయెడల మా జవాబు ఇది: “మీరు బాప్తిస్మము పొందినది ఆయన పేరున కాదు, ప్రభువు నామమున. ఆయన పడిపోయెను గాని ప్రభువు పడిపోలేదు.” అయితే ఈ మాట పలుకు కాపరి తన జీవితమును కూడ పరీక్షించుకొనవలెను. మన అయోగ్యత క్రీస్తు కృపను ఆపలేదు గాని, మనలను లెక్క అప్పగించుటనుండి తప్పింపదు.