బరువు తగ్గించే శస్త్రచికిత్స అనంతరం విటమిన్ బి12 ఆవశ్యకత

స్థూలకాయ చికిత్సలో భాగమైన గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయంలోని అధికభాగాన్నీ, చిన్నప్రేగు తొలిభాగాన్నీ ఆహారమార్గం నుండి తప్పిస్తారు. ఈ మార్పు బరువును తగ్గించడంతోపాటు విటమిన్ల శోషణనూ కుంటుపరుస్తుంది. ఆహారం నుండి బి12ను విడదీయడానికి జఠరామ్లం, చిన్నప్రేగు చివర దానిని శోషించడానికి జీర్ణాశయ కణాలు స్రవించే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అవసరం. శస్త్రచికిత్స తరువాత ఈ రెండూ ఆహారానికి తగినంత అందవు. అయినా కాలేయంలోని నిల్వల వల్ల లోపం కొన్నేళ్లపాటు బయటపడకపోవచ్చు. ఆరోగ్యంగానే ఉన్నామన్న ధీమాతో మాత్రలు మానివేయడం అందుకే ప్రమాదకరం. ఫోలిక్ ఆమ్లం మాత్రమే వాడితే రక్తహీనత తగ్గినా నాడుల క్షీణత కొనసాగవచ్చు. చికిత్స ఆలస్యమైతే అది శాశ్వతం కావచ్చు. శాకాహారులకు ఈ ముప్పు మరింత అధికం. కావున పాదాల తిమ్మిర్లకై వేచి ఉండక, ఏటా రక్తపరీక్ష చేయించుకుంటూ, వైద్యుడు సూచించిన మోతాదులో జీవితాంతం బి12 తీసుకోవడాన్ని ఈ చికిత్సలో అంతర్భాగంగానే గ్రహించాలి.