వార్తల్లో పదం: గని మూసివేత ప్రణాళిక

చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతం గ్రానైట్‌కు పేరు. రాయి లారీలెక్కి వెళ్లిపోయాక మిగిలిన గుంతను ఎవరు బాగుచేయాలి? క్వారీ మొదలెట్టక ముందే దీనికి లీజుదారు రాసివ్వాల్సిన జవాబే మూసివేత ప్రణాళిక.

చిన్నతరహా ఖనిజాల లీజులకు రాష్ట్రంలో 1966 నాటి నిబంధనలున్నాయి. గ్రానైట్‌కు కేంద్రం 1999లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పైమట్టిని విడిగా తీసి దాచాలి. వ్యర్థపు రాళ్లను జారిపడకుండా పేర్చాలి. తవ్విన నేలను తిరిగి బాగుచేయాలి. వీటిలో పైమట్టిదే కీలకం. సీమ గుట్టల మీద ఆ పొర అసలే పలుచన. రాళ్లకుప్ప కింద పడిందంటే మొక్క నాటేందుకు ఏమీ మిగలదు.

5 హెక్టార్లలోపు క్వారీలకూ పర్యావరణ అనుమతి తప్పదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. తవ్వకం ముగిశాక పశుగ్రాసం పెరిగేలా గడ్డి నాటాలన్న షరతును లీజుల్లో చేర్చాలని 2020 జనవరి 8న ఆదేశించింది. గొర్రెలూ ఆవులే ఆధారమైన ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు. నిబంధనలకు కొదవ లేదు, కావాల్సింది తనిఖీ. పర్యావరణ అనుమతి ప్రతిని పంచాయతీకి ఇవ్వాలన్న నియమం ఉంది. ఊరివాళ్లు దాన్ని అడిగి చదవాలి.