కోనసీమ అడుగున రాతిగట్లు

కోనసీమలో బోరు దింపితే ఇసుకా, బంకమట్టీ తప్ప రాయి తగలదు. భూగర్భశాస్త్రం చదువుకునేవాణ్ణి గనుక ఒక మాట చెప్పనివ్వండి: రాయి లేక కాదు, బాగా దిగిపోయింది.

రాజమండ్రి పక్కన కాతేరులో నల్లరాయి పైకే కనిపిస్తుంది. సుమారు 6.6 కోట్ల యేళ్ళ క్రితం పడమటి కనుమల వైపునుంచి వేయి కిలోమీటర్లు పారివచ్చిన లావా అది. ఆనాటి లావాయే రాజోలు క్రింద కిలోమీటర్ల లోతున ఉన్నది. శాస్త్రజ్ఞులు ఆ పొరకు రాజోలు పేరే పెట్టారు.

ఇంత తేడా ఎలా వచ్చింది? సుమారు 13 కోట్ల యేళ్ళ క్రితం ఇండియా అంటార్కిటికానుంచి విడిపోతున్నప్పుడు మన తీరం అడుగునున్న రాతి పునాది నైరుతి నుంచి ఈశాన్యానికి బారులుగా పగిలింది. కొన్ని దిమ్మలు గట్లుగా నిలిచాయి. తణుకు గట్టు, బాపట్ల గట్టు అటువంటివే. మిగిలినవి కుంగాయి. ఆ పల్లాల్లో నదులూ, సముద్రమూ చేర్చిన మట్టి ఐదు కిలోమీటర్లకు పైగా పేరుకున్నది. బరువుకు పునాది కుంగడం, కుంగినకొద్దీ మట్టికి చోటు దొరకడం, ఇదే వరస.

మెక్సికో సింధుశాఖలో ఈ కథ నడిపించేది ఉప్పు. అక్కడ పూడిపోయిన ఉప్పు పొర పైబరువుకు ముద్దలా పాకి, గుమ్మటాలై లేచి, చమురును ఆపుతుంది. మనకు అటువంటి పొర లేదు. (బావుల్లో ఉప్పునీళ్ళ బాధ వేరే సంగతి!) ఆ పని ఇక్కడ కొంత షేలు రాయి చేస్తుంది. దానిలో చిక్కిన నీరు బయటపడలేక పీడనం పెరుగుతుంది, పై పొరలు సముద్రంవైపు జారి విరుగుతాయి. మట్టి పేరుకుంటుండగానే పెరిగిన మత్స్యపురి-పాలకొల్లు భ్రంశం ఈ ప్రాంతంలో పేరున్నది. గ్యాసు చిక్కేది గట్ల అంచునా, ఇటువంటి విరుగుళ్ళ దగ్గరా.

1978లో నరసాపురంలో మొదలైన తవ్వకం తరువాత రాజోలు, తాటిపాకల దాకా వచ్చింది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. క్రింది పీడనం ఎటువంటిదో ఆ మంట చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

నన్ను ఎక్కువ వేధించేది మంట కాదు, మట్టం. గ్యాసు తీసినకొద్దీ లోపలి పీడనం తగ్గి, ఇసుక పొరలు నొక్కుకుపోతాయి. డెల్టా తనంతట తాను కూడా కుంగుతూనే ఉంటుంది. ఏ వాటా ఎంతో కొలిస్తేగాని తేలదు. మురుగు దిగక సార్వా చేలు మునిగే ఊళ్ళలో, 2011లో రైతులు పంటవిరామం ప్రకటించిన చోట, అంగుళం తేడా కూడా చిన్నది కాదు. అందుకే నేననేది: ప్రతి మండలంలోనూ మట్టపురాళ్ళు పాతి, ఏటేటా కొలిచి, ఆ అంకెలు పంచాయతీ గోడమీద వ్రాయించాలి.