రణరంగంలో హాస్యం: కొరియా గుడారాల నుండి బస్తరు అడవి దాకా

హాస్యానికి కరుణం విరోధిరసమని మన ఆలంకారికులు నిర్ణయించినారు. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు హాస్యం భయానకంతోను, కరుణంతోను పొసగదని స్పష్టంగానే చెప్పినాడు. ఈ నిర్ణయానికి లోకానుభవం కూడ సాక్ష్యం పలుకుతున్నట్లే ఉంటుంది. చావింట నవ్వినవాణ్ణి లోకం క్షమించదు. అయినప్పటికి, ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో యుద్ధాన్ని వస్తువుగా గ్రహించిన నవలలలోను, చలనచిత్రాలలోను, టెలివిజన్ నాటకాలలోను ఒక శాఖ ఈ విరోధాన్నే పునాదిగా చేసుకొని ఎదిగినది. దానిని హాస్యగంభీర నాటకమని పిలువవచ్చును. దాని నిర్మాణం ఎట్టిది, అందులోని నవ్వు ఎవరిది, ఆ నవ్వు ఎక్కడ ఆగవలెను అన్న ప్రశ్నలు తెలుగు రచయితకు దూరపు ప్రశ్నలు కావు. దశాబ్దాలపాటు సాయుధ సంఘర్షణను చూచిన బస్తరు మన పొరుగుసీమ. ఈ విచారణకు రెండు కృతులు అనువుగా ఉన్నవి. ఒకటి, కొరియా యుద్ధకాలపు సైనిక ఆస్పత్రిని చిత్రించిన ‘మాష్’ అనే అమెరికన్ టెలివిజన్ నాటకమాల, అందులోను దాని నాలుగవ సీజన్. రెండవది, దండకారణ్యంలోని ఒక పోలింగు కేంద్రం చుట్టూ అల్లిన ‘న్యూటన్’ అనే హిందీ చిత్రం.

యుద్ధభూమిలో నవ్వు తెలుగువారికి కొత్తది కాదు. తిక్కన విరాటపర్వంలో ఉత్తరకుమారుడు అంతఃపురకాంతల నడుమ ప్రగల్భాలు పలికి, కౌరవసేన కంటబడగానే రథం దిగి పరుగెత్తుతాడు. బృహన్నల వెంటబడి అతనిని పట్టి తెస్తాడు. తరతరాల తెలుగు శ్రోతలు ఈ ఘట్టానికి హాయిగా నవ్వుకొన్నారు. కాని అక్కడ నవ్వడానికి వీలు కలిగినది ఏలన, ఆ రణంలో ఏ తల్లి ఏడుపూ మనకు వినబడదు. యుద్ధానికి చెల్లించవలసిన అసలు మూల్యం స్త్రీపర్వంలో గాని కనబడదు. ఈ రెండింటి నడుమ ఆరు పర్వాల దూరమున్నది. నవ్వుకూ ఏడ్పుకూ ఎడం కల్పించడం ప్రాచీన ఇతిహాసపు మార్గం.

ఎడం లేనిచోట ఏమి చేయవలెనో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో వివరించినాడు. విరోధిరసాలను ఒకే కృతిలో నిలుపదలచిన కవికి ఆయన చూపిన ఉపాయాలలో మూడు ముఖ్యమైనవి. రెండు రసాలకు వేరువేరు ఆశ్రయాలను కల్పించడం మొదటిది. రెండింటి నడుమ మూడవ రసాన్ని నిలిపి వాటిని ఒకదానినొకటి తాకనీయకపోవడం రెండవది. నాగానంద నాటకంలో శాంతశృంగారాల నడుమ అద్భుతాన్ని నిలిపిన తీరు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒక రసాన్ని అంగిగాను రెండవదానిని అంగంగాను చేయడం మూడవది. వేయి సంవత్సరాలకు పైబడిన ఈ సూత్రాలు ఒక అమెరికన్ టెలివిజన్ నాటకమాలను అర్థం చేసుకొనడానికి అక్కరకు వచ్చుట విశేషమే గాని, ఆశ్చర్యం కాదు. కష్టం ఒకటే అయినప్పుడు ఉపాయాలు కూడ కలుస్తవి.

‘మాష్’ అనే పేరు సంచార సైనిక శస్త్రచికిత్సాలయానికి ఆంగ్లంలో గల సంక్షిప్తనామం. రిచర్డ్ హూకర్ అనే కలంపేరుతో 1968లో వెలువడిన నవల దీనికి మూలం. 1970లో రాబర్ట్ ఆల్ట్‌మన్ దానిని చలనచిత్రంగా తీసినాడు. లారీ గెల్బార్ట్ టెలివిజన్‌కు మలచిన నాటకమాల 1972 సెప్టెంబరులో సి.బి.ఎస్. సంస్థలో ఆరంభమై, పదకొండు సీజన్లు నడిచి, 1983 ఫిబ్రవరి 28న ముగిసినది. కొరియా యుద్ధం సాగినది 1950 జూన్ నుండి 1953 జూలై దాకా, మూడేండ్లు. దానిని గూర్చిన నాటకం అంతకు మూడురెట్లకు పైగా నడిచినది. ఇందుకు కారణం కొరియా కాదు. నాటకం ఆరంభమైననాటికి అమెరికా వియత్నాంలో పోరాడుతూ ఉండెను. పాతయుద్ధం పేరు చెప్పి ప్రస్తుత యుద్ధాన్ని గూర్చి మాట్లాడడం ఆ రచయితల యుక్తి.

ఇందలి కథాస్థలం 4077వ ఆస్పత్రి, కొన్ని గుడారాల సముదాయం. నిర్బంధంగా సైన్యంలో చేర్చబడిన హాకై పియర్స్ మొదలైన శస్త్రవైద్యులు తీరికవేళల గుడారంలో మద్యం బట్టీ పెట్టుకొంటారు, అధికారులను ఆటపట్టిస్తారు, సైనిక నియమాలను వెక్కిరిస్తారు. హెలికాప్టర్ల ధ్వని వినబడగానే పరుగెత్తి గాయపడినవారిని అందుకొంటారు. ఆనాటి పద్ధతి ననుసరించి ముందే రికార్డు చేసిన ప్రేక్షకుల నవ్వులను హాస్యఘట్టాలకు జోడించవలెనని టెలివిజన్ సంస్థ పట్టుబట్టినది. నిర్మాతలు అంగీకరించక తప్పలేదు. కాని శస్త్రచికిత్స జరిగే గదిలో మాత్రం ఆ నవ్వులు వినబడరాదన్న నియమాన్ని వారు సాధించుకొన్నారు. వైద్యులు అక్కడ కూడ ఛలోక్తులు విసురుకొంటారు. కత్తి పట్టిన చేయి వణకకుండుటకే వారు ఆ మాటలు మాట్లాడుకొంటారని తెలిసిపోతుంది. బయట నవ్విన ప్రేక్షకుడు ఆ గదిలో ఒంటరివాడవుతాడు. హాస్యం కరుణానికి అంగంగా మారుట ఇట్టిది.

మూడవ సీజన్ చివరి భాగం 1975 మార్చి 18న ప్రసారమైనది. ఆస్పత్రి అధిపతి హెన్రీ బ్లేక్ పదవీవిరమణ పొంది, సంబరంగా వీడ్కోలు తీసుకొని స్వదేశానికి బయలుదేరుతాడు. శస్త్రచికిత్స జరుగుతూండగా రేడార్ అనే యువకుడు గదిలోకి వచ్చి, ఆయన విమానం జపాను సముద్రం మీద కూల్చబడినదనీ, ఎవరూ బ్రతుకలేదనీ చదివి వినిపిస్తాడు. ముసుగుల వెనుక కండ్లు తప్ప మరేమీ కనబడవు. పని ఆగదు. ఆ కాలపు హాస్యనాటకాలలో ప్రియమైన పాత్రను ఇట్లు చంపడం కనివిని ఎరుగని విషయం. అభ్యంతరాలు తెలుపుతూ ప్రేక్షకులనుండి ఎన్నో ఉత్తరాలు వచ్చినవి. నిజమైన యుద్ధంలో ఇట్టి మరణాలకు ముందస్తు హెచ్చరిక ఉండదన్నదే రచయితల సమాధానం.

1975 సెప్టెంబరు 12న నాలుగవ సీజన్ మొదలైనది. ఈ నడుమ ఏప్రిల్ 30న సైగాన్ పతనమై వియత్నాం యుద్ధం ముగిసినది. కనుక ఇది ఆ యుద్ధం తరువాతి తొలి సీజన్. ఒక ప్రధానపాత్ర మరణించినాడు. మరొకడు, ట్రాపర్ జాన్, వీడ్కోలైనా చెప్పకుండ వెళ్లిపోయినాడు. వారి స్థానాలలో బి.జె. హనికట్ అనే యువవైద్యుడు, షెర్మన్ పాటర్ అనే వృద్ధ సేనాని వస్తారు. తొలిభాగంలో విమానాశ్రయం నుండి ఆస్పత్రికి వచ్చేదారిలో హనికట్ ఫిరంగిగుండ్లు పడిన సైనికులను మొదటిసారి చూస్తాడు. చేయగల చికిత్స చేస్తాడు. ప్రక్కకు తిరిగి వాంతి చేసుకొంటాడు. ఆ తరువాత తప్పద్రాగి, తూలుతూ కొత్తకొలువులో హాజరవుతాడు. రెండు నవ్వుల నడుమ బీభత్సం నిలిచినది. ఆ దృశ్యం లేనిదే ఆ తాగుడు వెకిలితనమయ్యేది. దానివలన అది ఒక మనిషి చేసుకొన్న చికిత్సగా కనబడుతుంది.

ఈ సీజన్ చివరిభాగం 1976 ఫిబ్రవరి 24న ప్రసారమైనది. రంగులు తొలగించి నలుపుతెలుపులలో, వార్తాచిత్రం వలె దానిని తీసినారు. నిజజీవితంలో యుద్ధవిలేఖరిగా పనిచేసిన క్లీట్ రాబర్ట్స్ ఒక్కొక్క పాత్రను ప్రశ్నిస్తాడు. నటులు పాత్రలను విడువకుండనే కొన్ని సమాధానాలు అప్పటికప్పుడు చెప్పినారు. కృత్రిమ హాస్యధ్వని లేదు. అందులో ఫాదర్ ముల్కేహి అనే మతగురువు ఒక విషయం చెబుతాడు. గడ్డకట్టే చలిలో రోగి శరీరాన్ని కోసినప్పుడు లోపలినుండి ఆవిరి లేస్తుందట. వైద్యుడు ఆ ఆవిరి మీద చేతులు వెచ్చజేసుకొంటాడట. దానిని చూచి మారకుండ ఉండగల మనిషి ఉంటాడా అని ఆయన సంశయం. నాలుగేండ్లు నవ్వించిన నాటకం, ఆ నవ్వు ఏ వేడిమిమీద బ్రతికినదో ఇక్కడ ఒప్పుకొన్నది. గెల్బార్ట్ ఈ సీజన్‌తోనే నాటకమాలనుండి తప్పుకొన్నాడు.

ఆ కొరియా భారతీయులకు కూడ పరాయిది కాదు. తటస్థ దేశమైన భారతదేశం అక్కడికి పోరాడే దళాలను పంపక, 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అనే వైద్యదళాన్ని 1950 నవంబరులో పంపినది. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ దానికి నాయకుడు. డిసెంబరులో ప్యాంగ్యాంగ్ నుండి వెనుకకు మరలవలసి వచ్చినప్పుడు, పరికరాలను వదలిపోవుటకు ఇష్టపడక, ఆ దళం వారు ఒక రైలింజనును సంపాదించి తామే నడుపుకొని దక్షిణానికి వచ్చినారు. 1951 మార్చిలో మున్సాన్ వద్ద అమెరికన్ సైనికులతో పాటు విమానాలనుండి దుమికినారు. ఆంగ్ల నాటకమాలకు ఏ మాత్రం తీసిపోని కథావస్తువు ఇది.

‘మాష్’ సాధించినదెంతో ఉన్నది గాని, దాని నవ్వులో ఒక వెలితి కూడ ఉన్నది. నవ్వే వైద్యులు అమెరికన్లు. నేల కొరియా వారిది. వారి ఊళ్లే కాలినవి. కాని కొరియనులు ఎక్కువగా రోగులుగానో, పనివారుగానో వచ్చిపోతారు. ఎవరి ఇల్లు కాలినదో వారి ఛలోక్తి అరుదుగా వినబడుతుంది. ఈ వెలితిని గుర్తుంచుకొని బస్తరు వైపు తిరుగవలెను.

అమిత్ మసూర్కర్ దర్శకత్వంలో ‘న్యూటన్’ చిత్రం 2017లో విడుదలైనది. ఆ ఏడు భారతదేశం పక్షాన ఆస్కారు పోటీకి ఎంపికైనది. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ పురస్కారం పొందినది. కథ ఒక అభ్యర్థి హత్యతో మొదలవుతుంది. న్యూటన్ కుమార్ అనే గుమాస్తా, 76 మంది ఓటర్లున్న ఒక అటవీగ్రామంలో ఎన్నిక జరిపించుటకు వెళ్తాడు. పాడుబడిన బడిలో బల్ల వేసి, యంత్రాన్ని నిలిపి, ఓటర్ల కొరకు ఎదురుచూస్తాడు. రక్షణదళాధికారి ఆత్మాసింగ్‌కు ఈ తంతు త్వరగా ముగియవలెను. విదేశీ విలేఖరి వస్తున్నాడనగానే దళంవారు గ్రామస్థులను తోలుకొని వచ్చి వరుసలో నిలబెడతారు. అభ్యర్థులెవరో వారికి తెలియదు. యంత్రం ఒక ఆటబొమ్మ వంటిదని, నచ్చిన గుర్తు నొక్కవచ్చునని అధికారి వారికి బోధిస్తాడు.

ఇక్కడ నవ్వు నియమావళి మీద పడుతుంది. నియమావళిని ప్రాణంగా భావించే అమాయకపు గుమాస్తా మీద పడుతుంది. అధికారి అలసట మీద పడుతుంది. గ్రామస్థుల మీద పడదు. గురజాడ కన్యాశుల్కంలో నవ్వు గిరీశం మీద, రామప్పంతులు మీద, లుబ్ధావధానుల మీద పడునే గాని, బుచ్చమ్మ వైధవ్యం మీద పడదు. హాస్యానికి లక్ష్యమెవరో ఎంచుకొనుటలోనే రచయిత నీతి ఉన్నదని తెలుగువారు శతాబ్దం క్రిందటనే నేర్చుకొన్నారు. ‘న్యూటన్’ ఆ నీతిని పాటించినది. తుదకు దారిలో కనబడిన నలుగురు గ్రామస్థులకు ఓటు వేయించుటకై ఆ గుమాస్తా తుపాకి గుంజుకొని, గడువు ముగిసేదాకా దళాన్నే అడ్డగిస్తాడు. గడువు ముగియగానే తుపాకి దించి దెబ్బలు తింటాడు. కొన్ని నెలల తరువాత మెడకు పట్టీతో కార్యాలయంలో కూర్చుని, చూడవచ్చిన స్నేహితురాలిని, భోజన విరామానికి ఇంకా అయిదు నిమిషాలున్నవి, ఆగుమంటాడు. విరిగిన మెడ, వదలని సమయపాలన: హాస్యకరుణాలు ఒకే దేహంలో నిలిచినవి.

ఆ స్నేహితురాలి పేరు మల్కో. అదే ప్రాంతపు ఆదివాసి ఉపాధ్యాయిని. గ్రామస్థుల గోండీమాటలను హిందీలోకి మార్చి చెప్పే మనిషి. ఆమె లేనిదే గుమాస్తా ఎన్నిక మూగది. కొద్దిగంటల దూరంలో నివసిస్తూ కూడ తమను గూర్చి ఏమీ ఎరుగరన్న ఆమె ఎత్తిపొడుపు న్యూటన్‌కు మాత్రమే తగిలేది కాదు. అయినను చిత్రంలో గ్రామస్థుల మాట ఆమె నోటిగుండా వచ్చినంతే వచ్చినది. వారు తమలో తాము ఏమని నవ్వుకొన్నారో ప్రేక్షకునికి తెలియదు. ‘మాష్’లోని వెలితి ఇక్కడ తగ్గినది గాని తీరలేదు.

దానిని తీర్చగల స్థానంలో తెలుగు రచయిత ఉన్నాడు. బస్తరు రాజవంశాన్ని కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు స్థాపించినాడని సంప్రదాయం చెబుతున్నది. జగదల్‌పూరు నుండి వచ్చే రహదారి కుంట, చింతూరు, భద్రాచలాల మీదుగానే దిగివస్తుంది. శబరినది కిరువైపుల కోయలు, దోర్లలు ఉన్నారు. వారి పలుకుబడిలో తెలుగు కలిసి ఉన్నది. 2005లో సల్వాజుడుం ఆరంభమైన తరువాత ఊళ్లు విడిచి గోదావరి మన్యానికి వచ్చిన కుటుంబాలెన్నో. కాని ఆ సీమను గూర్చి వ్రాయబూనినప్పుడు మన కలాలు వీరానికో, రౌద్రానికో, కరుణానికో సులభంగా మొగ్గుతవి. ఆదివాసి అక్కడ వీరుడుగానో బాధితుడుగానో నిలుస్తాడు. హాస్యానికి ఆశ్రయమయ్యే హక్కు అతనికి దక్కదు. నవ్వగలవాడు ఎదుటివానిని తూచగలవాడు. సంతకు వచ్చిన వ్యాపారినీ, జీపు దిగిన అధికారినీ, నోటుపుస్తకంతో వచ్చిన రచయితనూ చూచి ఆ గూడెంలో సాయంకాలం ఏమి మాట్లాడుకొని నవ్వుకొంటారో వినవలెను. దానికి ముందు ఆ భాష నేర్వవలెను, మల్కో చేసిన పని చేయవలెను. గాయపడినవాడు తన మంచం మీదనుండి వైద్యుణ్ణి చూచి వేసిన ఛలోక్తి ఇంకా తెలుగులోకి రావలసి ఉన్నది.